కరువు పని

అనంతపురం జిల్లాలో పొద్దున్నే గడ్డపార, గంప పట్టుకుని పోతున్న ఆడవాళ్లను ఎక్కడికమ్మా అని అడిగితే ‘కరువు పనికి’ అంటారు. జాబ్ కార్డు మీద ఉన్న పేరు ఉపాధి హామీ. చెరువులు నిండి అలుగు పారిన ఏడాది కూడా వాళ్ల నోట అది కరువు పనే. ఆ మాట వెనక ఆకలి చరిత్ర చాలా ఉంది.

1876, ధాత నామ సంవత్సరం. వానలు మొహం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. అనంతపురం అప్పటికింకా బళ్లారి జిల్లాలోనే ఉంది. మద్రాసు ప్రభుత్వం రోడ్లు, కాలువల పనులు తెరిచింది. లక్షల మంది పార పట్టారు. ఖర్చు పెరిగిపోతోందని కలకత్తాలో వైస్రాయ్ లిట్టన్ కంగారుపడి, 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు.

ఈ టెంపుల్ కథ తెలుసుకోవాల్సిందే. మూడేళ్ల ముందు బీహారులో కరువొస్తే ఆయనే బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచాడు. ఆకలి చావులు దాదాపు లేకుండా గండం గడిచింది. అందుకు దక్కింది మెప్పు కాదు, దుబారా మనిషి అన్న నింద. ఆ మచ్చ చెరుపుకోవాలన్న పట్టుదలతోనే ఆయన మద్రాసు వచ్చాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

వస్తూనే కూలి కోశాడు. మగ కూలీకి రోజుకు ఒక పౌను, అంటే 450 గ్రాముల గింజలు కొనుక్కునే డబ్బు, దానిపైన కొద్దిపాటి చిల్లర. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. ‘టెంపుల్ కూలి’ అని పేరుపడింది దానికే. పొద్దంతా మట్టి మోసే మనిషికి పూటకో గుప్పెడు గింజలు. పైగా ఊరు వదిలి దూరంగా ఉన్న శిబిరాలకు రావాలన్న షరతు. నిజంగా ఆకలైనవాడే అంత దూరం వస్తాడన్నది వాళ్ల లెక్క. ఆకలితో కాళ్లు తేలిపోయేవాడు అంత దూరం ఎలా నడుస్తాడన్నది ఆ లెక్కలో లేదు.

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఊరుకోలేదు. జైల్లో ఖైదీలకు పెట్టే తిండి కొలతలు తీసి పక్కన పెట్టి, ఈ కూలితో మనిషి బతకడని వాదించాడు. చివరికి ఆ ఏడాదే కూలి పెంచక తప్పలేదు. అప్పటికే చాలామంది ప్రాణాలు పోయాయి. దక్షిణ, పశ్చిమ భారతాల్లో ఆ కరువు పొట్టన పెట్టుకున్నవాళ్లు 50 లక్షలకు పైనే. మద్రాసు నగరంలో బకింగ్‌హామ్ కాలువ ఉత్తర, దక్షిణ భాగాలను కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్కను తవ్వింది ఆ కరువు కూలీలే. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరుది.

తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక, 1883లో కరువు నిబంధనావళి వచ్చాయి. వాటి ప్రకారం ముందు కొన్ని పనులు పెట్టి చూడాలి, జనం ఎగబడితే కరువు వచ్చినట్టు. కూలి ప్రాణం నిలిపేంత ఉంటే చాలు. రాయలసీమ జనం ‘కరువు పని’ అన్న మాటను పిల్లలకు అందిస్తూ వచ్చింది ఆ రోజుల నుంచే కావచ్చు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. అప్పటి హామీ ఏడాదికి వంద రోజుల పని. అడిగిన 15 రోజుల్లో చూపకపోతే భృతి. ఐదు కిలోమీటర్లు దాటి పోవాల్సొస్తే పది శాతం ఎక్కువ కూలి. టెంపుల్ కాలంలో దూరం పరీక్ష, ఈ పథకంలో దూరానికి పరిహారం. ఇది చిన్న మార్పు కాదు.

ఫలితం ఉందా అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే గట్టి సాక్ష్యం దొరుకుతుంది. ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలను తీసుకుని, వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో చెల్లింపులను ముందు కొన్ని మండలాల్లో, తర్వాత మిగతా వాటిలో పెట్టారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్తంకర్ ఆ తేడాను కొలిచారు. డబ్బు త్వరగా అందింది, మధ్యలో కాజేయడం తగ్గింది. అసలు విశేషం వేరే: పేదిళ్ల రాబడి పెరుగుదలలో సింహభాగం ఉపాధి పని నుంచి రాలేదు, బయటి కూలి రేట్లు పెరగడం వల్ల వచ్చింది. చేతిలో ఇంకో పని ఉందన్న ధీమాతో కూలి మనిషి రైతుతో బేరమాడగలిగింది. కూలి పెరిగితే పొలం పనులకు ఎవరూ రారన్న భయం నిజం కాలేదు. బయటి పనీ తగ్గలేదు.

అయినా 2024-25లో తెలుగు రాష్ట్రాల్లో రోజు కూలి 300 రూపాయలు. అదీ పూర్తిగా చేతికి రావాలంటే మట్టి కొలత సరిపోవాలి. అందుకే తవ్వేవాళ్లు గుంత మధ్యలో ఒక మట్టి దిమ్మెను ముట్టుకోకుండా వదిలేస్తారు. నేల ముందు ఎంత ఎత్తున ఉండేదో చూపడానికి. మండు వేసవిలో, రాయిలాంటి ఎర్రనేలలో, నడుము లోతు గుంత పక్కన కూర్చుని కొంగుతో చెమట తుడుచుకుంటూ, టేపు పట్టుకుని మనిషి వచ్చేదాకా ఆ దిమ్మెను కాపలా కాస్తారు.