మోకు పట్టుకుని ఎక్కే గుట్ట

మిన్నెసోటా గురించి మన పత్రికల్లో రాసేవాళ్లు సరస్సుల గురించి రాస్తారు, చలి గురించి రాస్తారు. కొండల గురించి ఎవరూ రాయరు. రాయడానికి పెద్దగా లేవు కూడా. అయినా మేముండే బ్లూమింగ్టన్‌లో హైలాండ్ హిల్స్ అనే గుట్ట ఒకటుంది. పైనుంచి కిందికి 175 అడుగులు, అంటే దాదాపు మన చార్మినార్ అంత. స్కీయింగ్ అనగానే సినిమా పాటల్లో చూసిన ఆల్ప్స్ గుర్తొచ్చేవాళ్లకు ఇది లెక్కలోకే రాదు. కానీ ఈ దేశం ఎలా తయారైందో చూపించమని ఎవరైనా నన్నడిగితే, వాషింగ్టన్ కట్టడాల కన్నా ముందు జనవరి సాయంత్రం ఈ గుట్ట దగ్గరికే తీసుకొస్తాను.

శీతాకాలంలో ఇక్కడ ఐదు గంటలకల్లా చీకటి పడుతుంది. ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి. బడి వదిలిన పిల్లలు స్నోబోర్డులూ స్కీలూ చంకన పెట్టుకుని వస్తారు. గుట్టలో ఒక భాగం టెరైన్ పార్క్. అక్కడ మామూలు వాలు ఉండదు. మంచులో నిలబెట్టిన ఇనుప రెయిళ్లు, పైన నున్నటి ప్లాస్టిక్ పలక బిగించిన బాక్సులు, మంచునే కుప్పపోసి చెక్కిన జంపులు వరసగా ఉంటాయి. పిల్లలు వేగంగా వచ్చి రెయిలు మీదికి ఎగిరి, అడ్డంగా జారి, దిగేటప్పుడు సగం చుట్టు తిరుగుతారు. వంతు వచ్చినవాళ్లు "డ్రాపింగ్!" అని కేకేసి బయల్దేరాలి. ఆ కేక వేయకుండా దిగితే తోటివాళ్లు ఊరుకోరు. ఎవరైనా చాలాకాలంగా కుదరని విన్యాసం సాధించారంటే, వాళ్ల పేరు తెలియనివాళ్లు కూడా బోర్డులు మోగించి మెచ్చుకుంటారు.

కుర్చీల లిఫ్టు ఉన్నా పార్క్ పిల్లలకు ప్రాణం మోకే. ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, పట్టుకుంటే చూస్తుండగానే పైకి లాక్కెళ్తుంది. ఆ ఒరిపిడికి గ్లవ్స్ అరచేతుల దగ్గర చిరిగిపోతాయని వాటి మీద మళ్లీ తోలు తొడుగులు వేసుకుంటారు. పెద్ద పర్వతం మీద ఒక్కసారి దిగి మళ్లీ పైకి చేరేలోపు ఇక్కడి పిల్లలు అదే రెయిలు మీద ఎన్నోసార్లు పడి లేస్తారు. ఇంతా చేస్తే ఇది ఏ కంపెనీ సొంత రిసార్టో కాదు. త్రీ రివర్స్ పార్క్ డిస్ట్రిక్ట్ అనే ప్రభుత్వ సంస్థ నడిపేది.

అసలు ఈ నేల డకోటా ప్రజలది. 1851లో ట్రావర్స్ దె సూ, మెండోటా ఒప్పందాలతో దక్షిణ మిన్నెసోటా వాళ్ల చేజారింది. ఇస్తామన్న సొమ్ము వేళకు అందలేదు. ఆకలికి తాళలేక 1862లో తిరగబడి ఓడిపోయారు. ఆ డిసెంబరు 26న మాంకేటో ఊళ్లో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. మిగిలినవాళ్లలో ఎక్కువ మందిని రాష్ట్రం నుంచే వెళ్లగొట్టారు. అదే ఏడాది హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. ఐదేళ్లు కాపురముండి సాగు చేసుకుంటే 160 ఎకరాలు నామమాత్రపు రుసుముకే సొంతమవుతుందని చెప్పింది. నార్వే, స్వీడన్ల నుంచి సెంటు భూమి లేని రైతులు ఓడలెక్కింది ఇలాంటి నేల కోసమే. స్కీలు వాళ్లతోనే వచ్చాయి. ఆట గురించి చెబుతూ ఇదంతా ఎందుకంటే, ఈ గుట్ట మీద జారే మా పిల్లలతో సహా ఎవరూ ఖాళీ నేల మీద జారడం లేదు. ఆ సంగతి తెలిసే జారాలి.

అలా వచ్చినవాళ్లలో సోండ్రె నోర్‌హైమ్ ఒకడు. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో, మోర్గెడాల్ అనే పల్లెలో 1825లో పుట్టిన పేద కౌలుదారు. అప్పటిదాకా స్కీలను పాదం ముందు భాగానికే కట్టుకునేవారు. గాల్లోకి ఎగిరితే అవి ఊడిపోయే ప్రమాదం. ఇతను మడమ చుట్టూ కూడా పట్టు దొరికేలా కట్టు తయారుచేశాడు. నడుం సన్నగా ఉండే స్కీ చెక్కాడు. 1868లో రాజధాని క్రిస్టియానియాలో జరిగిన పోటీకి వెళ్లి, నలభై దాటిన వయసులో గెలిచాడు. మంచు మీద ప్రయాణానికి పుట్టిన చెక్కతో ఎగరడం, తిప్పడం ఆనాటి నుంచే ఉంది. ఇదేదో ఈ కాలపు కుర్రచేష్ట అనుకునేవాళ్లు ఈ మాట గమనించాలి. అరవైకి దగ్గరపడ్డాక, 1884లో భార్యాపిల్లలతో నోర్‌హైమ్ అమెరికా వచ్చాడు. మొదట మిన్నెసోటా, తర్వాత నార్త్ డకోటా మైదానం. స్కీ చరిత్రనే మార్చిన మనిషి కొండన్నది కనిపించని చోట భూమి దున్నుకుంటూ 1897లో కన్నుమూశాడు. డెన్‌బీ అనే చిన్న ఊరి దగ్గర ఆయన సమాధి ఉంది. వలస వచ్చినవాళ్లు ఏం పొందారో, ఏం వదులుకున్నారో ఆలోచించినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

నార్వే కుర్రాళ్లు మాత్రం ఇక్కడ ఎగరడం మానలేదు. మాకు దగ్గర్లోని రెడ్ వింగ్‌లో 1887లో మికెల్ హెమ్మెస్ట్‌వేట్ 37 అడుగుల దూరం దూకితే జనం విరగబడి చూశారు. కార్ల్ హౌవెల్సన్ అనే తాపీ మేస్త్రి 1907లో బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్‌లో స్కీల మీద దూకి పొట్టపోసుకున్నాడు. తర్వాత కొలరాడోలోని స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ చేరి, అక్కడివాళ్లకు ఈ ఆట అలవాటు చేశాడు. హైలాండ్ గుట్టకు పక్కనే, బుష్ లేక్ దగ్గర స్కీ జంప్ ఇవాళ్టికీ ఉంది. అటు నార్వే వాళ్ల ఎగురుడు, ఇటు ఈ కాలపు పిల్లల ఎగురుడు. రెండింటి మధ్య నడిచి వెళ్లేంత దూరమే.

మోకు సంగతి చెప్పాలి. 1934 జనవరిలో వెర్మాంట్‌లోని వుడ్‌స్టాక్ దగ్గర ఒక రైతు పొలంలో ఫోర్డ్ మోడల్-టి ఇంజన్‌కు తాడు తగిలించి మనుషుల్ని వాలు మీదికి లాగారు. అమెరికాలో మొదటి రోప్ టో అదే. ఆర్థిక మాంద్యంతో దేశం నలిగిపోతున్న రోజులవి. పాత కారు ఇంజన్, ఒక తాడు, ఒక వాలు ఉంటే చాలు, కొండ తయారైపోయింది. ఆ తర్వాత 1950లో కనెక్టికట్‌లో స్కీలు తయారుచేసే ముగ్గురు మంచు పడని చలికాలాల్లో అమ్మకాల్లేక, రంగులు చల్లే కంప్రెసర్‌కు తోట పైపు తగిలించి గడ్డకట్టే చలిలో నీళ్లు చిమ్మి చూశారు. నీటి తుంపర నేలకు చేరేలోపే మంచైంది. ఇవాళ హైలాండ్‌లో రాత్రంతా మోగే మంచు ఫిరంగులకు ఆ పైపే మూలం.

ఇక స్నోబోర్డు. మిషిగన్‌లోని మస్కీగన్ అనే కర్మాగారాల ఊళ్లో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1965 క్రిస్మస్ నాడు ఇంట్లో ఆడపిల్లలు అల్లరి పెడుతుంటే రెండు స్కీలను పక్కపక్కన బిగించి వాళ్లను దాని మీద నిలబెట్టి ఇంటి వెనక ఇసుక దిబ్బ మీంచి తోశాడు. దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది ఆయన భార్య. బ్రన్స్‌విక్ కంపెనీ దాన్ని చవక ఆటబొమ్మగా లక్షల్లో అమ్మింది. కాళ్లకు కట్టు ఉండదు, ముక్కుకు కట్టిన తాడు పట్టుకుని నిలబడడమే. దాని మీద పెరిగినవాళ్లలో జేక్ బర్టన్ కార్పెంటర్ ఒకడు. 1977లో వెర్మాంట్‌లో సొంతంగా బోర్డులు చేయడం మొదలుపెట్టి, 1979లో కాళ్లకు పట్టీలున్న బోర్డుతో మస్కీగన్ పోటీకి వెళ్లాడు. ఇది స్నర్ఫర్ కాదని అభ్యంతరం చెప్పారు. చివరికి అతని కోసం వేరే విభాగం పెట్టారు.

కొత్తగా వచ్చినదాన్ని గుమ్మం దగ్గరే ఆపడం ఇక్కడా ఉంది. 1980ల మధ్యలో కూడా స్నోబోర్డును రానిచ్చిన స్కీ కొండలు పదింట ఒకటి కూడా లేవు. దీనికి భయమే కాదు, కోర్టులూ కారణం. 1974లో వెర్మాంట్‌లో ఒక కొత్త స్కీయర్ మంచు కింద దాగిన పొదకు తగులుకుని పడితే అతని శరీరం చచ్చుబడిపోయింది. 1977లో జ్యూరీ అతనికి 15 లక్షల డాలర్ల పరిహారం ఇప్పించింది. బీమా ఖర్చులు ఆకాశాన్నంటాయి. స్కీల మీద గాల్లో తలకిందులవడాన్ని చాలా కొండలు అప్పటికే నిషేధించాయి. అలాంటి రోజుల్లో స్కేట్‌బోర్డు కుర్రాళ్లు కొత్త చెక్కతో వస్తే ఎవరు రమ్మంటారు? తలుపు తెరిపించింది ఉదారత కాదు, లెక్కల పుస్తకం. టికెట్లు కొనే పాత తరం వయసుమీరుతుంటే కొత్త తరం బయట నిలబడి ఉంది. వెర్మాంట్‌లోని స్ట్రాటన్ 1983లో స్నోబోర్డులను అనుమతించింది. 1990ల తొలినాళ్లకు పెద్ద కొండలు వాటికోసం ప్రత్యేకంగా పార్కులే కట్టాయి. ఇప్పటికీ రానివ్వని కొండలు మూడు మిగిలాయి: యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్.

తమాషా ఏమిటంటే, తొలి పార్కుల్లో కొన్నిటిలోకి స్కీ పిల్లల్ని రానివ్వలేదు. ఆ గోడనూ పిల్లలే దూకారు. పోటీ నియమాలతో విసిగిన కెనడా స్కీయర్లు మైక్ డగ్లస్, అతని నేస్తాలు వెనక్కి కూడా జారగలిగేలా రెండు కొనలూ పైకి వంగిన స్కీ కావాలని కంపెనీల వెంటపడ్డారు. 1998లో అలాంటి స్కీ, సాలమన్ కంపెనీ టెనెయిటీ, వచ్చింది. అప్పటి నుంచి ఒకే రెయిలు ముందు స్కీ, బోర్డు ఒకే వరసలో నిలబడుతున్నాయి. అదే ఏడాది నగానోలో స్నోబోర్డు ఒలింపిక్స్‌కెక్కింది. మంచులో సగం గొట్టంలా తవ్విన హాఫ్‌పైప్‌లో ఆనాటి మేటి, నార్వే కుర్రాడు టెర్యె హాకన్సన్ మాత్రం వెళ్లలేదు. ఆటను పుట్టించినవాళ్ల చేతుల్లోంచి తీసి స్కీ సమాఖ్యకు అప్పగించారన్నది అతని అభ్యంతరం. నా మనసు అతని వైపే.

నిజానికి పతకాల కథ కూడా చిన్న గుట్టలదే. సోచీలో 2014లో రెయిళ్లూ జంపుల వరస మీద సాగే స్కీ స్లోప్‌స్టైల్‌లో కాంస్యం, తర్వాతి రెండు ఒలింపిక్స్‌లో రజతాలు గెలిచిన నిక్ గెపర్ ఇండియానావాడు. మొక్కజొన్న చేల రాష్ట్రం. అతను నేర్చుకున్న పర్ఫెక్ట్ నార్త్ గుట్ట 400 అడుగులు. 2018లో 17 ఏళ్లకే హాఫ్‌పైప్ స్వర్ణం గెలిచిన క్లోయీ కిమ్ తల్లిదండ్రులు కొరియా నుంచి వచ్చారు. కూతురు ఆట కోసం తండ్రి ఇంజనీరు ఉద్యోగం మానేశాడు. ఆ సంగతి చదివినప్పుడు ఇక్కడి మన ఇంజనీరు తండ్రులందరూ నా కళ్ల ముందు మెదిలారు.

"పడితే దెబ్బలు తగలవా అమ్మా?" అని మా అత్తయ్య అడిగారు, మనవరాలు రెయిలు మీంచి జారిపడడం చూసి. తగులుతాయి అత్తయ్యా, అన్నాను. దాచడానికేం లేదు. మణికట్లు విరుగుతాయి, తలకు దెబ్బలు తగులుతాయి. ఒలింపిక్స్‌లో స్కీ హాఫ్‌పైప్ పెట్టాలని ఏళ్ల తరబడి పోరాడిన కెనడా అమ్మాయి శారా బర్క్ 2012 జనవరిలో శిక్షణలో పడి, 29 ఏళ్లకే చనిపోయింది. రెండేళ్ల తర్వాత ఆమె కోరిన పోటీ సోచీలో జరిగింది. అందుకే పార్క్ మొదట్లో నారింజ రంగు బోర్డు ఉంటుంది: చిన్నవాటితో మొదలుపెట్టు, ముందే ఆలోచించుకో, చూసి దిగు, తోటివారిని గౌరవించు, తొందరపడకు. మా అమ్మాయి ఈ క్రమం తప్పలేదు. నేలకు ఆనినట్టుండే బాక్సు మీద ఒక శీతాకాలమంతా గడిపాకే రెయిలు జోలికి వెళ్లింది. హెల్మెట్ లేకుండా గుట్ట ఎక్కనివ్వను. ఇంతకు మించి తల్లి చేయగలిగింది లేదనుకుంటాను. ఇంట్లో కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

మరో దిగులు ఉంది. 2023-24 శీతాకాలం మిన్నెసోటాలో నమోదైన వాటన్నిటిలోకీ వెచ్చనిది. చుట్టూ గడ్డి కనిపిస్తుంటే గుట్ట మీద మాత్రం తెల్లటి చార మిగిలింది. అదంతా యంత్రాలు చేసిన మంచు. ఖర్చు సంగతి కూడా ఉంది. బోర్డు, బూట్లు, సీజన్ పాస్ కలిపితే తక్కువేం కాదు. వరసలో నిలబడే మొహాల్లో నల్లవాళ్లు, గోధుమరంగువాళ్లు ఇప్పటికీ తక్కువే. ప్రభుత్వ పార్క్ కాబట్టి ఈ కొరత తీర్చే బాధ్యత దాని మీద ఎక్కువుంది. మన తెలుగు పిల్లలు నేర్చుకునేవాళ్ల వాలు మీద ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు. పార్క్ వైపు వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే.

ట్విన్ సిటీస్‌లో మీ పిల్లల దగ్గరికి చలికాలంలో వచ్చే పెద్దవాళ్లకు నాదొక విన్నపం. మాల్ ఆఫ్ అమెరికా చూపించడానికి బ్లూమింగ్టన్ ఎలాగూ తీసుకొస్తారు. ఆ సాయంత్రం ఒక గంట హైలాండ్‌కు రండి. నిలబడి చూడడానికి టికెట్ అక్కర్లేదు. ఉన్ని మేజోళ్లు రెండు జతలు వేసుకోండి. జంపుల కింద దిగే చోట మాత్రం నిలబడకండి, పైనుంచి వచ్చేవాళ్లకు మీరు కనిపించరు. మనవళ్లు అడిగితే, బోర్డు అద్దెకు ఇప్పించండి.