గుంటూరుకు వచ్చిన డాక్టరమ్మ



మంచి సమరయుని గూర్చి మనం రేడియోలో ధ్యానించిన తరువాత మీలో చాలామంది ఉత్తరాలు వ్రాశారు. అన్నిటికీ జవాబు వ్రాశాను గాని ఒక్కటి మాత్రం నా బల్లమీదే ఉండిపోయింది. వ్రాసినది నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక సహోదరి. ఆఫ్రికాలో డాక్టరు అందుబాటులో లేని ఒక ప్రాంతానికి రెండు వారాల వైద్య సేవ కొరకు ఒక బృందం వెళ్తున్నదట. ఎవరి ఖర్చు వారిదే. విమానం చార్జీ కోసం ఆమె తండ్రిగారు అప్పు చేయడానికి కూడా సిద్ధపడ్డారు. "నన్ను వెళ్ళమంటారా అయ్యగారూ?" అని అడిగింది.

వెళ్ళమ్మా అని ఒక్క మాట వ్రాసి పంపడం నాకు తేలికే. సంఘ కాపరి నోట అందరూ ఎదురుచూసే మాట కూడా అదే. అయితే నేను ఆ మాట వ్రాయలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని నూట నలభై యేళ్ళు వెనక్కి, మన గుంటూరుకే తీసుకువెళ్ళాలి. ఎందుకంటే ఆ రోజుల్లో డాక్టరు అందని ప్రాంతం మనదే. పరదేశం నుండి సేవకు వచ్చినవారు మన గడప తొక్కారు. మందు పుచ్చుకున్న చేతులు మన అమ్మమ్మల అమ్మమ్మలవి. ఇచ్చేవాడి కథ అందరూ చెబుతారు. పుచ్చుకున్నవారి వైపు నుండి కూడా చెప్పగలిగిన అవకాశం మనకున్నది.

1842 జూలై 31న ఫాదర్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టాడని లూథరన్ కుటుంబాల్లో పిల్లవాడిని అడిగినా చెబుతాడు. చాలామందికి తెలియనిది మరొకటున్నది. కొన్నేళ్ళు ఇక్కడ పనిచేసిన తరువాత ఆయన అమెరికాకు తిరిగి వెళ్ళి, యాభై దాటిన వయస్సులో వైద్యం చదివి, 1847లో బాల్టిమోర్‌లో ఎం.డి. పట్టా పుచ్చుకొని మళ్ళీ వచ్చాడు. జ్వరంతో పడియున్నవానికి ప్రసంగం ఒక్కటే చాలదని ఆయనకు అర్థమైనట్టున్నది. అయితే ఆయన ఎంత చదివినా ఒక తలుపు మాత్రం ఆయనకు తెరువబడలేదు. ఘోషా ఇండ్లలోని స్త్రీని పరాయి మగవాడు చూడడానికి వీలులేదు. నాడి పట్టడానికి లేదు, కాన్పు కష్టమైతే లోపలికి వెళ్ళడానికి లేదు. మంత్రసాని చేతనైనంత చేసేది. ఆమెకు చేతకానిచోట ఇంకెవరూ లేరు. గుంటూరులో వైద్యమే లేదని కాదు. మగవారికి ఉన్నంత మాత్రం కూడా ఆడవారికి లేదు.

ఇప్పుడు అమెరికా వైపు చూడండి. 1856 ఏప్రిల్ 19న పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో ఆనా సారా కుగ్లర్ జన్మించింది. పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పొందింది. ఆ రోజుల్లో అమెరికాలో సైతం ఆడ డాక్టరంటే నవ్వేవారు ఎందరో. నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో ఆడవారి విభాగాన్ని ఒక స్త్రీ వైద్యురాలి చేతికి అప్పగించారు. అది అప్పటికి క్రొత్త సంగతి. కుగ్లర్ అక్కడే రెండేళ్ళు పనిచేసింది. ఆ సమయంలో గుంటూరు నుండి మిషనెరీ ఆడమ్ రో వ్రాసిన ఉత్తరం ఆమెకు అందింది. ఇక్కడి స్త్రీలకు ఒక స్త్రీ వైద్యురాలు కావాలన్నది దాని సారాంశం.

ఆమె వెంటనే తన సంఘపు స్త్రీల మిషన్ సమాజానికి దరఖాస్తు పెట్టింది. వారేమన్నారో తెలుసా? వైద్య సేవ మొదలుపెట్టడానికి మేమింకా సిద్ధంగా లేము, రాదలచుకుంటే ఉపాధ్యాయినిగా వెళ్ళు అన్నారు. డాక్టరు పట్టా ఉన్న మనిషిని బడి పనికి, జెనానా పనికి పంపిస్తామన్నారు. మనలో ఎంతమంది దానికి ఒప్పుకుంటాం? నా అర్హతకు తగిన స్థానం ఇవ్వనిచోట నేనెందుకు పనిచేయాలి అని నేనైతే తప్పక అడిగియుండేవాడిని. ఆమె ఒప్పుకుంది. 1883 ఆగస్టు 25న ఓడ ఎక్కి, నవంబరు 29న గుంటూరు చేరింది. అప్పటికి ఆమెకు ఇరవై యేడేళ్ళు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. అదే 1883వ సంవత్సరంలో మన దేశం నుండి ఒక పద్దెనిమిదేళ్ళ హిందూ యువతి ఎదురు దిక్కుగా సముద్రం దాటింది. ఆమె ఆనందీబాయి జోషి. పద్నాలుగేళ్ళకు తల్లియై, పది దినాల పసిబిడ్డను సరియైన వైద్యం లేక పోగొట్టుకున్న మనిషి. ఏప్రిల్‌లో కలకత్తాలో ఓడ ఎక్కి అమెరికా చేరి, కుగ్లర్ చదివిన ఆ పెన్సిల్వేనియా కళాశాలలోనే చేరింది. 1886లో పట్టా పుచ్చుకుంది. కొల్హాపూర్‌లోని ఆసుపత్రిలో స్త్రీల వార్డు ఆమె కోసం ఎదురుచూస్తుండగా క్షయతో తిరిగి వచ్చి, 1887 ఫిబ్రవరి 26న పూణేలో కన్నుమూసింది. ఇరవై రెండు కూడా నిండలేదు. మనం మిషనెరీ చరిత్ర చెప్పేటప్పుడు, పరదేశపు స్త్రీలు రాకముందు మనవారు చేతులు కట్టుకొని కూర్చున్నట్టు చెబుతాం. అది న్యాయం కాదు. 1875లోనే మద్రాసు వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకున్నది. అవసరం మనవారికీ తెలుసు. దారి ఇరుకు, ఆయుష్షు తక్కువ.

మళ్ళీ గుంటూరుకు వద్దాం. ఉపాధ్యాయినిగా వచ్చినా ఆమె చేతిలో ఉన్న విద్య దాగలేదు. మొదటి సంవత్సరంలోనే 185 మందిని వారి ఇండ్లకు వెళ్ళి చూసింది, 276 మందిని తానున్న బంగళాలోనే చూసింది. ఆసుపత్రి లేదు, మంచాలు లేవు, నర్సు లేదు, చివరికి డాక్టరన్న నియామకం కూడా లేదు. 1885 డిసెంబరులో గాని ఆమెను వైద్య మిషనెరీగా నియమించలేదు. అంటే రెండు సంవత్సరాల పైచిలుకు.

ఆ రెండేళ్ళను గూర్చే నేను ఎక్కువగా ఆలోచిస్తుంటాను. మా సెమినరీలో చదివిన సంఘ చరిత్ర పాఠాల్లో ఆ రెండేళ్ళకు ఒక వాక్యం కూడా లేదు. ఆమె మొత్తం జీవితానికే రెండు వాక్యాలున్నాయని జ్ఞాపకం. నాకైతే అదంతా వృథా అయిన కాలంగా తోచదు. జెనానా పని అంటే ఏమిటి? ఇంటింటికీ వెళ్ళి, ఆడవారు కూర్చోమన్నచోట కూర్చొని, వారితో వారి భాషలో మాట్లాడడం. కొన్ని ఇండ్లలో ఆమె పరాయి జాతి మనిషి. ఆమె తాకితే మైల. ఆమె చేతి నీళ్ళు కలిసిన మందు కూడా మైలే. ఎక్కడ నిలబడాలో, దేన్ని ముట్టకూడదో ఇంటివారే చెబుతారు. పెన్సిల్వేనియాలో పట్టా పొందిన డాక్టరు మన గడప బయట నిలబడి, అమ్మా, నొప్పి ఎక్కడ అని తెలుగులో అడగడం నేర్చుకుంది. నొప్పి అంటే ఏది, పోటు అంటే ఏది, మంట అంటే ఏది, నసగా ఉంది అంటే ఏమిటి? ఇవి ఏ వైద్య గ్రంథంలోనూ లేవు. దుబాసీ చెబితే సగమే తెలుస్తుంది. ఆడవారి బాధల విషయంలో ఆ సగం కూడా తెలియదు.

తరువాత కథ త్వరగా చెబుతాను. డిస్పెన్సరీ వచ్చింది. అమెరికాలోని స్త్రీల సంఘాలు చందాలు కూర్చాయి. 1890లలో నర్సు క్యాథరీన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ వచ్చి చేరారు. మేరీ బేర్ పేరు చీరాల వారికి బాగా తెలుసు. 1898 జూన్ 23న యాభై పడకల ఆసుపత్రి తెరిచారు. ఆమె గుంటూరు చేరిన పదిహేనవ యేట! తెలుగు అమ్మాయిలకు అక్కడే నర్సు పని నేర్పారు. ఏలూరు రాజా భుజంగరావు బహద్దరుగారు తన కుటుంబానికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా రోగుల బంధువులు దిగడానికి ఆసుపత్రి దగ్గర ఒక సత్రం కట్టించారు. ఒకప్పుడు ఆమె తాకితే మైల అనుకున్న సమాజంలోనుండే ఈ సత్రం వచ్చిందని గమనించండి. 1905లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1930 జూలై 26న ఆమె తన ఆసుపత్రిలోనే మరణించింది. నలభై యేడేళ్ళ సేవ. తరువాత ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.

ప్రియులారా, ఆమెలో లోపం లేదని నేననను. వైద్యంతోపాటు సువార్త చెప్పడానికే వచ్చానన్న సంగతి ఆమె దాచలేదు. నొప్పితో మంచం మీద ఉన్న మనిషికి, ఇక్కడ నాకు ఇష్టం లేనిది వినవలసి వస్తుంది, లేకపోతే వేరే ఆసుపత్రి లేదు అన్న పరిస్థితి ఎలాంటిదో మనం తీరికగా ఆలోచించాలి. కాపరిగా నేనే ఈ మాట అంటున్నాను. అయితే మళ్ళీ వచ్చిన రోగికి మళ్ళీ కనబడిన మనిషి ఆమె. పదేళ్ళ తరువాత వచ్చినా కనబడింది.

ఇప్పుడు నా సంగతి. కొన్ని సంవత్సరాల క్రితం నేనూ ఇలాంటి ఒక బృందంతో తూర్పు ఆఫ్రికాలోని ఒక పల్లెకు వెళ్ళాను. ఎనిమిది రోజులు. డాక్టర్లు రోగులను చూసేవారు, నేను రిజిస్టరులో పేర్లు వ్రాసి, మందుల పొట్లాలు అందించేవాడిని. సాక్ష్యం చెప్పుకోవడానికి ఫోటోలు కూడా బాగా తీసుకున్నాం. రక్తపోటు ఉన్నవారికి తలా ముప్పై మాత్రలు ఇచ్చాం. చివరి దినాన ఒక పెద్దామె వాటిని తన అరచేతిలో పోసుకొని లెక్కపెట్టింది. నిదానంగా, ముప్పై వరకు. తరువాత దుబాసీ ద్వారా ఒక ప్రశ్న అడిగింది: ఇవి అయిపోయాక?

మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. రక్తపోటు మాత్ర ముప్పై రోజులు వేసుకొని ఆపేసేది కాదని నాకే తెలుసు, మా డాక్టర్లకు తెలియదా? సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటున్నది. గంట నడిచే దూరంలో ఒక ప్రభుత్వ క్లినిక్, అందులో ఒక నర్సు ఉన్నట్టు మాకు తిరుగు ప్రయాణం నాడు తెలిసింది. ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన మనిషి. ఎవరికి ఏ జబ్బుందో, ఎవరి బిడ్డ ఎప్పుడు పుట్టిందో ఆమెకు తెలుసు. మేము వస్తున్నట్టు ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేమిచ్చిన మందులు ఏవో, ఎవరికిచ్చామో ఆమెకు తెలియదు. నేను ఎనిమిది రోజులు శ్రద్ధగా వ్రాసిన రిజిస్టరు నా పెట్టెలో నాతోనే విమానం ఎక్కింది. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

సమరయుని ఉపమానంలో మనం నూనె, ద్రాక్షారసము దగ్గర ఆగిపోతాం. నేను కూడా రేడియోలో ఆగిపోయాను. ఆ తరువాత ఉన్న పూటకూళ్ళవానిని గూర్చి ఒక్క మాట మాత్రమే చెప్పి ముగించాను. సమరయుడు గాయపడినవాని దగ్గర ఒక్క రాత్రి గడిపి మరునాడు తన దారిన వెళ్ళాడు. అతడూ కొద్దికాలపు సేవకుడే! అయితే వెళ్ళేముందు అక్కడే ఉండేవానితో మాట్లాడాడు, రెండు దేనారములు అతని చేతికిచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని బాధ్యత పెట్టుకున్నాడు. పూటకూళ్ళ యిల్లు లేకపోతే ఆ గాయపడినవాడు ఏమయ్యేవాడు? నూనె పోసిన కట్టుతో మళ్ళీ దారి ప్రక్కనే ఉండేవాడు.

కాబట్టి సహోదరీ, రెండు వారాలు చాలవు గనుక వెళ్ళకు అని నేను వ్రాయడం లేదు. అందరూ నలభై యేడేళ్ళు ఇవ్వలేరు, కుగ్లర్‌ను చూపించి నిన్ను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కంటి శుక్లాల ఆపరేషను చేయగలవారు, అక్కడి నర్సులకు ఒక పని చక్కగా నేర్పి రాగలవారు రెండు వారాల్లోనే మేలు చేసి రావచ్చు. నీ చదువు ఇంకా పూర్తికాలేదు. ఇక్కడ నీకు అనుమతి లేని పని అక్కడ డాక్టరు లేడు గదా అని నీ చేత చేయించబోతే ఒప్పుకోకు. ఆ రోగి కూడా ఒకరి తల్లే. మీ నాన్నగారిని అప్పు ఇప్పుడే చేయవద్దని నా మాటగా చెప్పు.

ముందు ఆ బృందం పెద్దలకు ఒక ఉత్తరం వ్రాయి. ఎంతమంది రోగులను చూస్తారని అడగవద్దు, వారు పెద్ద సంఖ్యే చెబుతారు. మీరు వెళ్ళే ఊరికి దగ్గరలో ఏడాది పొడవునా పనిచేసే నర్సు గాని, మంత్రసాని గాని, ఆరోగ్య కార్యకర్త గాని ఎవరని అడుగు. పేరు అడుగు. మిమ్మల్ని రమ్మన్నది ఆమేనా, మీరు వ్రాసే రిజిస్టరు ఆమె చేతికి ఇచ్చి వస్తారా అని అడుగు. జవాబు వచ్చాక నాకు వ్రాయి. దాన్ని బట్టి మాట్లాడుకుందాం, నాన్నగారిని కూడా తీసుకొని రా.