సంఖ్యయు సాక్ష్యమును: గోలకొండ కవుల సంచిక మొదలు జవహర్‌నగర్ వఱకు

తెలంగాణమున ఆంధ్రకవులు లేరను ఆక్షేపణ యొకటి 1930 ప్రాంతముల వినవచ్చెను. లేరనుటయు నొక సంఖ్యయే, అది సున్న. గోలకొండ పత్రికను 1926లో స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు దానిని సంపాదకీయముతో ఖండించి యూరకుండక, కవుల పద్యములను, వివరములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందలి కవులు 354 మంది. వారందఱును మహాకవులా యనునది వేఱు ప్రశ్న. 354 అను సంఖ్యను మాత్రమే ప్రకటించి యుండినచో ప్రతిపక్షి నమ్మవచ్చును, నమ్మకపోవచ్చును. పేర్లును పద్యములును ఎదుట నుండుటచే ఎవడైనను లెక్కించి చూచుకొనవచ్చెను. నేడు డేటా జర్నలిజమని వ్యవహరింపబడు వృత్తివారు పారదర్శకత యనునది ప్రధానముగా నిదియే.

ఈ వృత్తికి మూలపురుషస్థానమున సాధారణముగా పేర్కొనబడునది 1821 మే 5వ తేదీ మాంచెస్టరు గార్డియన్ తొలి సంచికలోని పాఠశాలల పట్టిక. ఉచితవిద్య పొందు పేదబాలురు ఎనిమిదివేలని అధికారుల అంచనా కాగా, పట్టిక ప్రకారము వారు సుమారు ఇరువదియైదు వేలు. పాఠశాలల పేర్లన్నియు అందు గలవు. పట్టిక నిచ్చినవాని పేరు మాత్రము రెండక్షరములతో మఱుగుపఱుపబడినది. దీనిని లోపమని కొందఱందురు. నాకట్లు తోచదు. లెక్కను సరిచూచుటకు పాఠశాలల పేర్లు చాలును.

ఈ రెండింటి వెలుగున మన ముంగిటి విషయమును చూడవలెను. హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోని జవహర్‌నగర్ నగరపు చెత్తకు గమ్యస్థానమై పేరుపడినది. అచ్చట 2020 నవంబరులో చెత్తనుండి విద్యుత్తు తీయు కేంద్రము ప్రారంభింపబడెను, సామర్థ్యము 19.8 మెగావాట్లు. ఈ సంఖ్య సత్యమే. కాని సామర్థ్యము వేఱు, ఉత్పత్తి వేఱు. పూర్ణశక్తితో అహోరాత్రములు నడచినచో దినమునకు 4,75,200 యూనిట్లు రావలెను. వచ్చినదెంతయో సామర్థ్యము చెప్పజాలదు. చెత్త టన్నుల లెక్కయు నంతే. తూకపు వంతెనపై తూచిరా, లారీలను లెక్కించి గుణించిరా, తడిచెత్తయా, ఏ మాసపు సగటు? ఇవి తెలుపని టన్నులు పత్రికలో అచ్చయినను వదంతులే.

2005 నాటి సమాచార హక్కు చట్టపు నాలుగవ సెక్షను ప్రభుత్వ సంస్థలు తమంతట తామే వివరములు ప్రకటింపవలె ననుచున్నది. ఆ హక్కు ఉద్యమము నుండి వచ్చిన రాకేశ్ దుబ్బుడుగారు 2014లో హైదరాబాదున ఫ్యాక్ట్‌లీని స్థాపించిరి. మూలపత్రములను పాఠకుని ముందుంచుట ఇట్టి సంస్థలు అంగీకరించిన నియమము. అయినను దానికి కాలము చాలదని పాత్రికేయు లందురు. ఉంచిన పట్టికను తెఱచి చూచువారు కొలదిమందియే యనియు నందురు. రెండును నిజమే. గోలకొండ కవుల సంచికను కొన్నవారెల్లరు 354 పేర్లను లెక్కించిరా?

అంతకంటె కష్టమైన చిక్కొకటి గలదు. సంచికలో పేరే సాక్ష్యము, పేరు ప్రకటింపబడుట కవికి గౌరవము. జవహర్‌నగర్‌లో చెత్తగుట్ట చెంత కాపురముండు రోగి విషయమున పేరు ప్రకటించుట అపకారము. అచ్చట ఇంటి బావినీటిని పరీక్షించిన పాత్రికేయుడు తీసిన తేదీని, గుట్టకు గల దూరమును, పరీక్షాపద్ధతిని, ప్రయోగశాల పేరును, అనుకూలింపని ఫలితములతోగూడ అచ్చువేయవలెను. దూరమునుబట్టి ఇల్లు గుర్తింపబడునేని, ఆ దూరమును సుమారుగా చెప్పి, సుమారుగా చెప్పితినని కూడ వ్రాయవలెను.