డాజీ వాన్స్ (1891–1961)

అమెరికా బేస్‌బాల్‌లో డాజీ వాన్స్‌గా పేరు పడ్డ చార్ల్స్ ఆర్థర్ వాన్స్, 1922 నుంచి 1928 దాకా వరసగా ఏడు సీజన్లు నేషనల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ స్ట్రైకౌట్లు చేసిన పిచర్. అయోవా రాష్ట్రంలోని ఓరియెంట్‌లో 1891 మార్చి 4న పుట్టాడు. మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ వెనుదిరగడమే స్ట్రైకౌట్. బంతి బ్యాట్‌కు తగిలి వచ్చిన అవుట్లలో ఫీల్డర్ల చురుకుదనానికీ అదృష్టానికీ వాటా ఉంటుంది. స్ట్రైకౌట్ మాత్రం, క్రికెట్‌లో వికెట్లు ఎగరగొట్టినట్టే, దాదాపు పూర్తిగా బంతి వేసినవాడి సంపాదన. అందుకే పిచర్ల గొప్పదనాన్ని తేల్చడానికి చాలామంది ముందుగా ఈ అంకె చూస్తారు. ఆ చూపుకు వాన్స్ పెద్దగా ఆనడు. నోలన్ ర్యాన్ కెరీర్ మొత్తం 5,714, వాల్టర్ జాన్సన్‌ది 3,509, వాన్స్‌ది 2,045 మాత్రమే. అయినా మొత్తాన్ని పక్కనపెట్టి, తన కాలపు సగటుకు ఎవరు ఎంత దూరంలో నిలిచారని అడిగితే, 1924 నాటి వాన్స్‌తో సరితూగే పిచర్ కనబడడు. సరైన కొలత ఈ రెండోదే.

అంకెలను కాలం నుంచి విడదీస్తే అవి ఎలా దారి తప్పిస్తాయో చెప్పడానికి 1886 ఒక్కటి చాలు. ఆ ఏడు బాల్టిమోర్ పిచర్ మ్యాట్ కిల్‌రాయ్ 513 స్ట్రైకౌట్లు చేశాడు. ఇప్పటికీ ఎవరూ దాటలేదు. కానీ అప్పుడు పిచర్ 50 అడుగుల దూరం నుంచే వేసేవాడు. ఆ దూరం 60 అడుగుల 6 అంగుళాలు అయింది 1893లో. ఫౌల్ కొట్టిన బంతిని స్ట్రైకుగా లెక్కించడం నేషనల్ లీగ్‌లో 1901లో, అమెరికన్ లీగ్‌లో 1903లో మొదలైంది. నిబంధనలు కుదురుకున్నాక కూడా బ్యాటర్ల ఆలోచన మారుతూనే వచ్చింది. 1920లలో బేబ్ రూత్ లాంటివాళ్లు బలమంతా పెట్టి బాదుతున్నా, ఎక్కువమంది బ్యాట్ పిడిని కాస్త పైకి పట్టుకుని బంతిని ఎలాగైనా తగిలించాలనే చూసేవారు. స్ట్రైకౌట్ కావడం వాళ్లకు నామోషీ. క్లీవ్‌లాండ్ జో సీవెల్ 1925 సీజన్‌లో 608 సార్లు బ్యాట్ పట్టి నాలుగే నాలుగు సార్లు అలా అవుటయ్యాడు. ఈనాటి బ్యాటర్లలో కొందరికి ఒక్క రోజులోనే ఆ నాలుగూ నిండిపోతాయి. అలాంటి బ్యాటర్ల మీద సాధించిన స్ట్రైకౌట్‌నూ, హోమ్ రన్ కోసం గుడ్డిగా ఊపేవాళ్ల మీద సాధించినదాన్నీ ఒకే ధరకు లెక్కగట్టడం న్యాయం కాదు.

1924లో బ్రూక్లిన్ రాబిన్స్ జట్టుకు ఆడిన వాన్స్ 308 ఇన్నింగ్స్‌కు పైగా వేసి 262 మందిని స్ట్రైకౌట్ చేశాడు. లీగ్‌లో రెండో స్థానం అతని సహచరుడు బర్లీ గ్రైమ్స్‌ది, 135. మూడోవాడు సిన్సినాటి పిచర్ డాల్ఫ్ లూకే, 86. రెండూ మూడూ స్థానాలు కలిపినా వాన్స్‌ను అందుకోలేదు. ఎనిమిది జట్ల లీగ్ మొత్తంలో ప్రతి 13 స్ట్రైకౌట్లలో ఒకటి అతనిదే. ఒక జట్టు పిచర్లందరూ కలిసి ఆటకు సగటున మూడు కూడా చేయలేని రోజుల్లో వాన్స్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఏడున్నర పైన చేశాడు. అంటే సగటుకు రెండున్నర రెట్లు దాటి. 1973లో 383తో ఆధునిక రికార్డు నెలకొల్పిన ర్యాన్ తన లీగ్ సగటుకు రెండింతల దగ్గర నిలిచాడు. 2019లో 326 చేసిన గెరిట్ కోల్ ఒకటిన్నర రెట్లను కొద్దిగా దాటాడు. 28 విజయాలు, 6 ఓటములతో ముగిసిన 1924 సీజన్‌కు లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం వాన్స్‌కే దక్కింది, అదీ రోజర్స్ హార్న్స్‌బీ .424 సగటుతో బ్యాటింగ్ చేసిన ఏడాది.

దీనికి మొదటి అభ్యంతరం చొక్కా, మైదానం గురించి. వాన్స్ కుడిచేతి లోచొక్కాను మోచేతి దాకా పేలికలుగా చీల్చుకునేవాడు. కాలు ఎత్తి, చేయి తల మీదుగా తిప్పి విసిరేటప్పుడు ఆ తెల్లటి పేలికలు రెపరెపలాడేవి. వాటి మధ్య నుంచి తెల్లటి బంతి ఎప్పుడు బయటపడిందో బ్యాటర్‌కు అంతుపట్టేది కాదు. బ్రూక్లిన్ సొంత మైదానం ఎబెట్స్ ఫీల్డ్ వెనకాల ఇళ్లలో సోమవారాలు ఆరేసిన దుప్పట్లు కూడా కలిసొచ్చేవని కథలు చెబుతారు. చీలికల చేతులను తర్వాత నిబంధనలే నిషేధించాయి కాబట్టి, చొక్కా సాయాన్ని కొట్టిపారేయలేం. అయితే మైదానమే కారణమైతే అదే మట్టిదిబ్బ మీంచి, దాదాపు అన్నే ఇన్నింగ్స్ వేసిన గ్రైమ్స్ 135 దగ్గర ఎందుకు ఆగిపోయాడు? పైగా ఉమ్మి రాసి వేసే స్పిట్‌బాల్‌ను 1920లో నిషేధించినా, దాన్ని వేసుకోవడానికి మినహాయింపు పొందిన కొద్దిమందిలో గ్రైమ్స్ ఒకడు. ఆ ఆయుధం వాన్స్ దగ్గర లేదు. అతనివల్లా మెరుపు ఫాస్ట్‌బాల్, నిట్టనిలువునా జారిపోయే కర్వ్‌బాల్.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. స్ట్రైకౌట్ల మీద ఎవరికీ పట్టింపు లేని కాలంలో, కొద్దిగా ప్రయత్నించినవాడు కూడా సగటుకు చాలా దూరం కనిపిస్తాడు కదా అని. దూరాన్ని కొలిచే ఏ పద్ధతికైనా ఈ ముప్పు ఉంది, ఒప్పుకోవాలి. కానీ అదే ఏడు అమెరికన్ లీగ్‌లో ప్రథముడు సాక్షాత్తూ వాల్టర్ జాన్సన్, 158తో. 1925 నుంచి ఏడేళ్లు ఆ లీగ్‌లో అగ్రస్థానం వదలని లెఫ్టీ గ్రోవ్ కూడా సగటును అంత దూరం వెనక్కి నెట్టలేదు. దారి అంత సులువైతే వాళ్లిద్దరూ నడిచేవారే.

వాన్స్ కెరీర్ మొత్తం తక్కువ కావడానికి కారణం వేరు. 1915లో మొదటిసారి పెద్ద లీగ్‌లోకి వచ్చినా, చేతి నొప్పితో వాన్స్ ఏళ్ల తరబడి చిన్న లీగ్‌లలోనే తిరిగాడు. 1920లో మోచేతికి చికిత్స జరిగాక, మరుసటి ఏడు న్యూ ఆర్లీన్స్‌కు 21 విజయాలు సాధించాడు. అప్పుడైనా బ్రూక్లిన్ కన్ను పడింది అతని మీద కాదు, ఆ జట్టు క్యాచర్ హాంక్ డెబెరీ మీద. వాన్స్‌నూ తీసుకుంటేనే డెబెరీని ఇస్తామన్నారు. పెద్ద లీగ్‌లో తొలి విజయం దక్కేసరికి అతనికి 31 ఏళ్లు. చాలామంది పిచర్ల చేయి వేగం తగ్గే వయసులో అతని లెక్క మొదలైంది. 39వ ఏట, 1930లో, పరుగుల వరద పారిన సీజన్‌లో ఫీల్డర్ల తప్పులతో వచ్చినవి మినహాయిస్తే తొమ్మిది ఇన్నింగ్స్‌కు 2.61 పరుగులే ఇచ్చాడు. రెండో స్థానంలోని కార్ల్ హబెల్ 3.87 ఇచ్చాడు. 1955లో హాల్ ఆఫ్ ఫేమ్ సభ్యత్వం లభించింది.

ఈ కొలతకు చిక్కని పిచర్లు మాత్రం ఉన్నారు. వాన్స్‌ను పోల్చిన ఆ సగటు నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసిన లీగ్‌ది. 1930 ఆగస్టులో కాన్సస్ సిటీలో, బండ్ల మీద తెచ్చిన మసక దీపాల వెలుగులో, నలభై దాటిన స్మోకీ జో విలియమ్స్ నల్లజాతి జట్టు హోమ్‌స్టెడ్ గ్రేస్ తరఫున 12 ఇన్నింగ్స్‌లో 27 మందిని స్ట్రైకౌట్ చేసి 1–0తో గెలిచాడు. ఓడిన మోనార్క్స్ పిచర్ చెట్ బ్రూవర్ కూడా 19 మందిని పంపాడు. వాళ్లకు నేషనల్ లీగ్ బ్యాటర్ల ఎదుట, వాన్స్ పక్కన నిలబడి ఒక్క సీజన్ ఆడే అవకాశం దొరకలేదు. కాబట్టి 1924లో అతను అందరికంటే ఎంతో ముందున్నాడని అన్నప్పుడు, ఆ అందరిలో వీళ్లు లేరు.