సైరన్ మోగని రోజున

రైల్వే కాలనీలున్న ఊళ్ళలో ఒకప్పుడు గడియారం చూసి క్యారియర్ సర్దే ఇల్లాళ్ళు తక్కువ. వర్క్‌షాపు సైరనే వాళ్ళ గడియారం. మా సికింద్రాబాదులో లాలాగూడ అలాంటి పేటే. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వాళ్ళు 1893లో ఇక్కడ వర్క్‌షాపు పెట్టారు. ఆ రైల్వేని 1930లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. 1950లో అది కేంద్రం చేతికి వెళ్ళింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. యజమానులు మారారుగానీ లాలాగూడ మాత్రం రైలు పేటగానే ఉండిపోయింది. ఆ రైల్వేకి పెద్దాస్పత్రి కూడా ఇక్కడే ఉంది.

రైల్వేవాళ్ళ ఇళ్ళలో ఇంకో సైరన్ సంగతి కూడా తెలుసు. అది వేళకాని వేళ మోగుతుంది. ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టుకుంటారు. ఆ లెక్కనిబట్టి ప్రమాదం ఎక్కడిదో, ఎంతటిదో తెలుస్తుంది. అన్నం కంచం ముందున్న మనిషి చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. ఎక్కడికి, ఎప్పుడొస్తావు అని ఇంట్లోవాళ్ళు అడగరు.

మన ప్రాంతం అలాంటి రాత్రుల్ని చూసింది. 1954 సెప్టెంబరులో జనగామ దగ్గర వానలకి వంతెన తెగి బండి వాగులో పడింది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర మళ్ళీ వంతెనే కూలింది. రెండింట్లోనూ వందమందికి పైగా పోయారు. రెండోదానికి బాధ్యత తనదేనంటూ రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇస్తే నెహ్రూగారు ఒప్పుకోలేదు. ఆ ఏడు నవంబరులో అరియలూరులో ఇంకో ప్రమాదం జరిగాక శాస్త్రిగారు పదవి వదిలేశారు. రాజీనామా కథ మన పిల్లలకి పాఠంగా చెబుతాం, మంచిదే. కానీ తెగిన వంతెన దగ్గరికి సహాయం ఎలా వెళుతుందో ఎవరూ చెప్పరు.

అది రైలు మీదే వెళుతుంది. దాని పేరు మెడికల్ రిలీఫ్ వ్యాను. ఆపరేషన్ బల్ల, పడకలు, స్ట్రెచర్లు, మందుల పెట్టెలు అన్నీ సర్దుకుని, ప్రయాణికులెవరూ ఎక్కని ఆ బండి ఏడాది పొడుగునా ఒక పక్కన నిలబడి ఉంటుంది. వీలైనచోట దాన్ని రెండు వైపులా దారి ఉన్న సైడింగులోనే పెడతారు. ప్రమాదం ఏ దిక్కున జరిగినా ఇంజను అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చోకూడదు కదా! అలాంటి సైడింగునుంచి పదిహేను నిమిషాల్లో బయల్దేరాలని నియమం. తాళం చెవి ఒకటి డాక్టరుగారి దగ్గర ఉంటుంది. రెండోది స్టేషన్‌లో అద్దాల పెట్టెలో ఉంటుంది. అవసరమైతే అద్దం పగలగొట్టి తీసుకోవడమే.

నాకు ఆ అద్దాల పెట్టె మీద మహా గౌరవం. ఎవరో ఎప్పుడో కూర్చుని, 'డాక్టరు దొరక్కపోతే?' అని ముందే ఆలోచించారన్నమాట. అత్యవసర సేవ అంటే మనం పరుగనుకుంటాం. నిజానికి అది పరుగుకి ముందు చేసుకున్న సర్దుబాటు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఎరికలో లాలాగూడ పిల్ల ఒకతె ఇంటర్ బైపీసీ పూర్తిచేసి నా దగ్గరికొచ్చింది. "ఆంటీ, నర్సింగులో చేరనా, లేకపోతే నూటెనిమిది బండిలో పనికి చదవనా?" అంది. జవాబు నేను చెప్పేలోగా వాళ్ళ నాయనమ్మ అందుకుంది. "ఏదైతేంది బిడ్డా, రాత్రి డ్యూటీలు జేసే పిల్లను రేపు ఎవడు జేస్కుంటడు?" అని.

ఆ పెద్దావిడని తప్పుపట్టను. నర్సు పనికి గౌరవం లేకపోవడం మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులోనూ మర్యాదస్తుల పిల్లలు చేసే పని కాదనేవారు. ఫ్లోరెన్స్ నైటింగేల్‌ని ఇంట్లోవాళ్ళు ఏళ్ళ తరబడి ఆపారు. 1854లో ఆమె 38మంది నర్సుల్ని వెంటబెట్టుకుని క్రిమియా యుద్ధపు ఆస్పత్రికి వెళ్ళింది. మనకి ఆవిడ చేతిలో దీపం ఒక్కటే గుర్తుంది. దుప్పట్లు, సబ్బులు, వంటపాత్రలు, మురుగు కాలవలు, చావుల లెక్కలు కూడా ఆమె చూసింది. 1860లో లండన్‌లో శిక్షణ బడి పెట్టించింది. సేవ చెయ్యడానికి జాలి చాలదు, చదువు కావాలన్నది ఆమె తెచ్చిన మార్పు.

అంబులెన్స్ కథా అలాంటిదే. ఆ మాటకి మూలం ఫ్రెంచి భాషలో 'నడిచే ఆస్పత్రి'. 1790లలో లారే అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు, యుద్ధం ముగిసేదాకా ఆగకుండా గాయపడ్డవాళ్ళని మోసుకొచ్చే గుర్రబ్బళ్ళు కట్టించాడు. ఆ నడిచే ఆస్పత్రి మన పల్లె గుమ్మంలోకి రావడానికి రెండు శతాబ్దాలు పట్టింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. ఇక్కడినుంచే అది ఎన్నో రాష్ట్రాలకి పాకింది. అంతకుముందు నొప్పులొచ్చిన ఆడది ఆటోలోనో, ఎడ్లబండిలోనో వెళ్ళాల్సిందే. బండి దొరకడమొక్కటే కాదు, ఆ బండిలో శిక్షణ పొందిన మనిషి ఉండటం అసలు విశేషం. దారిలోనే కాన్పు చేసి, బిడ్డని తుడిచి తల్లి గుండెలమీద పెట్టే ఆ మనిషిని ఈఎంటీ అంటారు. డ్రైవర్ని పైలట్ అంటారు.

ఇక ఆ పిల్లకి నేను చెప్పిన సలహా. నర్సింగుకి దారులు రెండు. జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. మూడేళ్ళది చదివినా తరవాత ఇంకో రెండేళ్ళు చదివి బీఎస్సీ తెచ్చుకోవచ్చు. ఫీజు కట్టేముందు కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. గుర్తింపులేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేనిదే నర్సు కాదు. రైల్వేలో 2024 ప్రకటనలో నర్సు ఉద్యోగానికి మొదటి మూలవేతనమే 44,900 రూపాయలు. పేరు కూడా స్టాఫ్ నర్సు పోయి నర్సింగ్ సూపరింటెండెంట్ అయింది. పోటీ పరీక్ష రాసి గెలవాలి మరి!

ఈఎంటీ పని అంత కుదురైనది కాదు. ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగం, పన్నెండు గంటల షిఫ్టు, చిన్న జీతం. పార్లమెంటు 2021లో చేసిన చట్టంలో ఇలాంటి వైద్య అనుబంధ వృత్తులకి చోటు దొరికింది. అది చేతికి అందేదాకా, ముందు నర్సింగు చదివి, తరవాత క్యాజువాలిటీలోనో ట్రామా వార్డులోనో కుదురుకోవడం మేలని చెప్పాను. మనసు బండి మీదే ఉంటే ఆ అనుభవం అక్కడా పనికొస్తుంది.

"నెత్తురు చూస్తే భయమాంటీ" అంది. ఆ భయం ఆర్నెల్లలో పోతుంది తల్లీ. నీకుండాల్సింది ఇంకోటి. ఏమీ జరగని రోజున కూడా మందుల పెట్టె తెరిచి, ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉందో లేదో, ఇంజెక్షన్ల గడువు తేదీ దాటిందో లేదో చూసే ఓపిక ఉందా? నిన్న చూశాం కదా అని ఈవాళ మానెయ్యకూడదు. ఎవరూ మెచ్చుకోని ఆ పనే అసలు ఉద్యోగం. సైరన్ మోగిన రాత్రి కనిపించేది, సైరన్ మోగని రోజుల ఫలితమే.

నాయనమ్మగారికి కూడా ఒక మాట చెప్పాను. పెళ్ళి సంగతి తరవాత. మన ఇంట్లో ఎవరికైనా అర్ధరాత్రి గుండె పట్టేస్తే, ఎవరింటి ఆడపిల్లో మెలకువగా ఉందని కదా ధైర్యంగా ఆస్పత్రికి పరిగెడతాం! ఆ మెలకువ మనకి కావాలి, మనింటి పిల్ల మాత్రం వద్దంటే ఎలాగండీ? ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత "జీతం మంచిగనే ఉన్నట్టున్నది" అంది.

అమ్మలకీ అత్తలకీ చిన్న మనవి. రాత్రి డ్యూటీ చేసొచ్చిన పిల్లని 'పొద్దెక్కినా పడుకుంది' అనకండి. టీవీ కట్టేసి, తలుపు దగ్గరగా వేసి, ఆ పిల్లని నిద్రపోనివ్వండి. ఆ రాత్రికి మళ్ళీ మెలకువగా ఉండాలి కదా.