పాత యుద్ధ విమానాల పరిరక్షణ: విశాఖ టి.యు.-142 నుండి బాపట్ల తీరం వరకు

బాపట్ల: సాయుధ దళాల సేవ నుండి వైదొలగిన యుద్ధ విమానాలను సేకరించి, మరమ్మతు చేసి, భావి తరాలకు అందించే కార్యక్రమంపై పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ నేపథ్య వ్యాసం రూపొందించడమైనది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంశంపై ప్రస్తావించవలసిన ప్రధాన ఉదాహరణ విశాఖపట్నం బీచ్ రోడ్డులోని టి.యు.-142 విమాన ప్రదర్శనశాల. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ దూరశ్రేణి నిఘా విమానం జలాంతర్గాములను వెతికి పట్టుకోవడానికి ఉద్దేశించినది. భారత నౌకాదళం ఇటువంటి విమానాలను 8 సమకూర్చుకున్నది. 1988లో గోవాలో ఐ.ఎన్.ఎ.ఎస్. 312 స్క్వాడ్రన్‌గా ఇవి సేవలు ప్రారంభించి, 1992లో తమిళనాడులోని అరక్కోణం వద్ద గల ఐ.ఎన్.ఎస్. రాజాలి స్థావరానికి తరలినవి. ఒక్కొక్క విమానానికి నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనుకు పరస్పరం వ్యతిరేక దిశలలో తిరిగే రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి. రెక్కల విస్తీర్ణం సుమారు 50 మీటర్లు. 1988 నవంబరులో మాల్దీవులలో జరిగిన ఆపరేషన్ కాక్టస్‌లోనూ ఇవి పాల్గొన్నవి.

29 సంవత్సరాల సేవ అనంతరం 2017 మార్చి 29న అరక్కోణంలో నౌకాదళ ప్రధానాధికారి అడ్మిరల్ సునీల్ లాంబా సమక్షంలో వీటికి వీడ్కోలు పలకడం జరిగింది. వీటి బాధ్యతలను అమెరికాలో తయారైన పి-8ఐ విమానాలు స్వీకరించినవి. సాధారణంగా ఈ దశలో విమానం తుక్కుగా మారుతుంది. అయితే వీటిలో ఒకటి 2017 ఏప్రిల్‌లో తన సొంత ఇంజన్లతోనే ఎగిరి విశాఖలోని ఐ.ఎన్.ఎస్. డేగాకు చేరుకున్నది. నేటి ప్రదర్శనశాలకు మూలమైన నిర్ణయం ఇదే. అక్కడ దానిని విడిభాగాలుగా విప్పి, బీచ్ రోడ్డుకు తరలించి, మరల బిగించారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రదర్శనశాలను ప్రారంభించారు. నిర్వహణ బాధ్యతను తొలుత విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ, 2018 నుండి దాని స్థానంలో ఏర్పడిన మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ చేపట్టినవి. రోడ్డుకు ఆవలి వైపున, 2001 ఫిబ్రవరి 27న సేవ ముగించి 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా మారిన ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామి ఉన్నది. జలాంతర్గామి, దానిని వేటాడే విమానం ఎదురెదురుగా నిలిచి ఉండడం సందర్శకులకు ఒక విశేషమే.

ఈ రంగంలో భారతదేశ అనుభవం ఇంతకన్నా పాతది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత బ్రిటిష్ వైమానిక దళం తన లిబరేటర్ బాంబర్లను కాన్పూరులో వదలివేసినది. అమెరికాతో చేసుకున్న ఒప్పందం ప్రకారం అవి మరొకరికి ఉపయోగపడరాదన్న ఉద్దేశంతో వాటిని పనిగట్టుకొని ధ్వంసం చేసినది. ఎండకు, వానకు వదలివేసిన ఆ శకలాల నుండి విమానాలను కూర్చే పనిని బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ స్వీకరించినది. ఎగరడానికి కనీస స్థాయిలో సిద్ధం చేసిన ఒక్కొక్క విమానాన్ని ఆ సంస్థ పైలట్ జంషెడ్ మున్షీ కాన్పూరు నుండి బెంగుళూరుకు నడిపి తెచ్చారు. 1948 నవంబరు 2న ఈ విమానాలతోనే వైమానిక దళ 5వ స్క్వాడ్రన్ ఏర్పడినది. తుక్కు నుండి లేచిన ఈ బాంబర్లు 1968 వరకు సేవ చేయడం గమనార్హం. వాటిలో ఒకటి ఢిల్లీలోని పాలం వైమానిక దళ ప్రదర్శనశాలలో ఉండగా, మరొకటి 1974లో బ్రిటన్ ప్రదర్శనశాలకు ఎగిరి వెళ్ళినది. వదలివేసిన దేశమే దానిని తిరిగి కోరి తీసుకున్నది.

విలేకరులు ఒక విషయంలో జాగ్రత్త వహించవలసి ఉన్నది. “పునరుద్ధరణ” అనే మాట రెండు వేరువేరు పనులకు వాడుతున్నారు. ప్రదర్శన కొరకు నిలిపి ఉంచే విమానం ఒకటి. మరల ఎగిరే స్థితికి తెచ్చే విమానం మరొకటి. టి.యు.-142 మొదటి కోవకు చెందినది. రెండవ కోవకు ఉదాహరణ “పరశురామ” అనే డకోటా. శ్రీ రాజీవ్ చంద్రశేఖర్ దీనిని బ్రిటన్‌లో బాగు చేయించి, డకోటా పైలట్‌గా పనిచేసిన తమ తండ్రి ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ గౌరవార్థం వైమానిక దళానికి బహూకరించారు. అది 2018 ఏప్రిల్‌లో స్వయంగా ఎగిరి భారతదేశం చేరుకొని, మే 4న హిండన్ స్థావరంలో దళంలో చేరినది. ఎగిరే విమానానికి విడిభాగాలు, శిక్షణ పొందిన మెకానిక్‌లు, నిరంతర తనిఖీ అవసరం. ఖర్చు ఏటా ఉంటుంది. నిలిపి ఉంచే విమానానికి ఖర్చు ఉండదనుకోవడం మాత్రం పొరపాటు.

సముద్ర తీరంలో ఈ పొరపాటు త్వరగా బయటపడుతుంది. విమాన దేహం అల్యూమినియం మిశ్రమ లోహం. దానిని బిగించే మేకులు, బోల్టులలో ఉక్కు ఉంటుంది. ఉప్పు తేమ తగిలినప్పుడు రెండు లోహాలు కలిసే చోట తుప్పు మొదలవుతుంది. బయటి రంగు నిగనిగలాడుతున్నా లోపలి అతుకులు తినివేయబడవచ్చు. కావున మంచినీటితో కడగడం, నీరు నిలిచే రంధ్రాలను తెరచి ఉంచడం, పక్షులు గూళ్ళు కట్టకుండా ఇంజను ముఖాలను మూయడం, బరువు టైర్లపై పడకుండా ఇనుప స్టాండ్లపై నిలపడం తప్పనిసరి. పాత విమానాల కొన్ని మీటర్ల అంకెలకు రేడియం పూత ఉంటుంది గనుక వాటిని నిపుణులే విప్పవలెను. ప్రారంభోత్సవానికి నిధులు కేటాయించినంత సులభంగా పదవ సంవత్సరపు రంగుకు కేటాయించరన్నది ఆలోచించవలసిన విషయం.

బాపట్ల, రేపల్లె తీరానికి కూడా ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాకు విమానాలతో సంబంధం కొత్తది కాదు. సూర్యలంకలోని వైమానిక దళ కేంద్రంలో 2020 చివరలో ఆకాశ్ క్షిపణులను ప్రయోగించారు. కొరిశపాడు వద్ద 16వ నంబరు జాతీయ రహదారిపై 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో నిర్మించిన అత్యవసర రన్‌వేపై 2024 మార్చి 18న వైమానిక దళ రవాణా విమానాలు దిగినవి. సేవ ముగించిన విమానాన్ని ప్రదర్శనకు కోరే స్థానిక సంస్థలు, కళాశాలలు రక్షణ శాఖ అనుమతితోపాటు రవాణా, పునాది, వార్షిక నిర్వహణ వ్యయాలను ముందుగానే అంచనాలలో చేర్చుకోవలసి ఉంటుంది.