లాటిన్‌లో ఆత్మనేపదం ఆనవాళ్లు

రూపం కర్మణి, అర్థం కర్తరి: లాటిన్ నేర్చుకునేవారిని తికమకపెట్టే డిపోనెంట్ క్రియల లక్షణం ఇది. ‘వెంబడించు’ అనే అర్థమున్న సెక్వోర్ క్రియనే చూద్దాం. వర్తమానంలో ఏకవచన రూపాలు సెక్వోర్, సెక్వెరిస్, సెక్విటుర్. బహువచనంలో సెక్విముర్, సెక్విమినీ, సెక్వుంటుర్. ‘వెంబడించాను’ అనడానికి పురుషుడు సెకూటుస్ సుమ్ అంటాడు, స్త్రీ సెకూటా సుమ్ అంటుంది. ప్రత్యయాలన్నీ కర్మణివే, పని చేసేది మాత్రం కర్తే. ఈ క్రియలు కర్మణి అర్థాన్ని పక్కన పెట్టేశాయని తలచిన రోమన్ వ్యాకర్తలు వాటికి ఆ పేరు పెట్టారు. చరిత్ర చూస్తే అవి వదులుకున్నదేమీ లేదు. ఆ ప్రత్యయాలకు కర్మణి అర్థమే తర్వాత వచ్చి చేరింది.

సెక్వోర్‌కు జ్ఞాతులైన వేదభాషలోని సచతే ఆత్మనేపది, అంటే క్రియాఫలం కర్తకే చెందుతుందని తెలిపే రూపం; గ్రీకులోని హెపోమై కూడా ఆ కోవదే. ‘చనిపోవు’ అనే మోరియోర్‌కు సంస్కృతంలో మ్రియతే, ‘పుట్టు’ అనే నాస్కోర్‌కు జాయతే ఉన్నాయి, ఇవీ ఆత్మనేపదులే. ఇన్ని జంటలు కాకతాళీయంగా కుదరవు. లాటిన్ రూపాల చివరి రకారం ‘తనను’ అనే సర్వనామంలోని సకారం నుంచి పుట్టిందని 19వ శతాబ్దంలో ఫ్రాంజ్ బాప్ భావించాడు. అయితే సకారం రకారంగా మారని ప్రాచీన ఐరిష్‌లోనూ ఈ రకారం ఉంది. 1908లో తొఖారియన్‌ను, 1915లో హిట్టైట్‌ను గుర్తించాక అక్కడా అది కనిపించింది. కాబట్టి ఇది లాటిన్ సొంతంగా కల్పించుకున్నది కాదు, మూలభాష నుంచి వచ్చిన ఆస్తి.

ఈ క్రియలు ఆత్మనేపదపు వారసత్వమన్న వాదానికి రెండు ఆక్షేపణలున్నాయి. సెక్వోర్ కర్మను తీసుకుంటుంది కదా, అందులో క్రియాఫలం కర్తకు చెందడం ఎక్కడుంది అన్నది మొదటిది. సంస్కృతంలో లభతే కూడా సకర్మకమే. కర్మ ఉన్నంత మాత్రాన ఫలం కర్తకు చెందకుండా పోదు. ‘వాడుకొను’ అనే ఊటోర్ ద్వితీయకు బదులు తృతీయార్థమిచ్చే విభక్తిని కోరడం మరింత బలమైన సాక్ష్యం: కత్తిని వాడడమంటే కత్తితో తన పని చేసుకోవడం. డోమినుస్ నుంచి ‘పెత్తనం చేయు’ అనే డోమినోర్ లాంటి కొత్త క్రియలు లాటిన్‌లోనే పుట్టాయి కదా, వాటిని వారసత్వం అనడమెలా అన్నది రెండోది. నిజమే, ఆ మాటలు వారసత్వం కావు. కానీ కొత్త క్రియలు ఆ అచ్చులో పుట్టాయంటే ఆ పద్ధతికి ఇంకా జీవమున్నట్టే.

కర్మణి అర్థం బలపడేకొద్దీ ఈ రూపాలు వింతగా తోచసాగాయి. అంగీకారం తెలపడానికి అందరూ అడ్‌సెంటియోర్ అంటుంటే సిసెన్నా ఒక్కడే సెనేట్‌లో అడ్‌సెంటియో అనేవాడని వర్రో రాశాడు. పెట్రోనియస్ పాత్ర ఒకటి లోక్వెరిస్ అనాల్సిన చోట లోక్విస్ అంటుంది. చివరికి సెక్వోర్ ఇటాలియన్‌లో సెగ్విరేగా, మోరియోర్ మోరీరేగా మామూలు కర్తరి క్రియలైపోయాయి. ఆ పేరు పెట్టిన వ్యాకర్తలు తమ కాలపు భాషను సరిగానే చూశారు. దాన్నే క్రియల పుట్టుకకు వివరణగా తీసుకోవడంలోనే పొరపాటుంది.